మన కూలి మనమే ఎగ్గొట్టుకుంటున్నాం

(రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక వేరుశనగ రైతు చేసిన ప్రసంగ పాఠం)



మాది అనంతపురం జిల్లా. నాలుగెకరాల శెనక్కాయ చేను. నాలుగేళ్ల కిందట కట్టె గానుగ పెట్టాను, కరెంటుతో తిరిగేది. దాని సంగతి చెప్పమన్నారు.

ముందుగా ఒక మాట. అధికారులు మీటింగు పెట్టిన ప్రతిసారీ 'రైతే వ్యాపారి కావాలి' అంటారు. సరే, అవుదాం. కానీ ఊరి పంటంతా గానుగల్లో పట్టదు. ఊళ్లో రెండు మూడు గానుగలు బతుకుతాయేమో, మిగతా కాయ యార్డుకే పోవాలి. కాబట్టి గానుగ పెట్టినా మద్దతు ధర అడగడం మానొద్దు.

ఇక లెక్క. 2025-26 ఖరీఫ్‌కు శెనక్కాయ మద్దతు ధర క్వింటాలు 7,263 రూపాయలు. నా కాయకు నేను అదే ధర కట్టుకుంటాను. క్వింటాలు కాయ వలిచి, బూజు పట్టినవీ ముడుచుకున్నవీ ఏరేస్తే 65 కిలోల విత్తనాలు మిగులుతాయి. గానుగాడి, తేరుకున్నాక 27 లీటర్ల నూనె, 38 కిలోల చెక్క వస్తాయి. మొదట్లో నూనె లీటరు 290కి, చెక్క కిలో 35కి అమ్మాను. మొత్తం 9,160. కాయ ఖరీదు, వలిపించిన ఖర్చు, కరెంటు, సీసాలు పోగా 1,400 మిగిలింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మా ఆవిడ ఒక్కటే అడిగింది: 'నేనూ అత్తమ్మా రోజంతా కూర్చుని ఏరాం కదా, మా కూలి ఏ కాలంలో రాశావు?'

రాయలేదు. వాళ్లిద్దరికీ 350 చొప్పున, గానుగ దగ్గర నిలబడ్డ నాకు 500 వేస్తే 1,200 పోయింది. మిగిలింది 200. బ్యాంకు కంతు కట్టాల్సింది అందులోంచే.

అన్నా, మనం ధర్నాలో ఏమడుగుతాం? సీ-2 ఖర్చు మీద 50 శాతం కలిపి ధర ఇమ్మంటాం. అంటే చేతి ఖర్చు, ఇంటిల్లిపాది కూలితో పాటు సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా లెక్కెయ్యమని సర్కారుతో కొట్లాడతాం. సర్కారు కౌలూ వడ్డీ వదిలేసినా ఇంటి కూలి మాత్రం లెక్క వేస్తుంది. నేను అది కూడా వెయ్యలేదు!

లీటరు 320 చేశాను. కొందరు మానేశారు, మా బంధువులే ముందు మానేశారు. కానీ క్వింటాలుకు 810 పెరిగింది. ఇప్పుడు ప్రతి శనివారం ఆడవాళ్ల కూలి వాళ్ల చేతికే ఇస్తున్నాను.

తర్వాత పట్నంలో ఒక సూపర్ మార్కెట్ వాళ్లు వచ్చారు. నెలకు 500 లీటర్లు కావాలన్నారు, డబ్బు రెండు నెలలకు ఇస్తామన్నారు. అంత ఆడాలంటే పక్కవాళ్ల కాయ కొనాలి, దానికి వడ్డీకి తేవాలి, ఇంకో గానుగ పెట్టాలి. సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో అప్పుడు 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ ఉండేది, నిజమే. తక్కినదంతా మన అప్పూ మన పెట్టుబడే కదా. వద్దన్నాను. మా తమ్ముడు ఇప్పటికీ దెప్పుతుంటాడు, ఎదగడం చేతకాదని.

ఏమో, ఎదగలేదేమో. ఈ ఏడు కోతలయ్యాక కాయ తెగనమ్ముకోలేదు. విత్తనాల కోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కలేదు. గానుగ పెట్టిన రోజు నేను కోరుకున్నవి ఈ రెండే. ఆదివారం గానుగ ఆపాలన్నది మా ఆవిడ పెట్టిన షరతు, అదీ నడుస్తోంది.

లెక్కల పుస్తకం తెచ్చాను. భోజనాలప్పుడు చూడండి. ధర ఎట్లా కట్టాలో మాత్రం నన్ను కాదు, ఆ వెనక వరసలో కూర్చున్న మా ఆవిడనడగండి.