వంటయింటి గోడకు పలకలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములలో కట్టెలపొయ్యి నేలమీద నున్న కాలమున పొగచూరిన గోడకు ఏటేట వెల్ల వేసిన సరిపోయెడిది. నేడు గ్యాసుపొయ్యి గట్టు నెక్కినది. తాలింపు చిందులును దానితోపాటు గోడ నెక్కినవి. నూనె మరక, పసుపు చుక్క వెల్లగోడను పట్టినచో సులభముగా వదలవు. ఆ గోడను తోము చేతులు చాల ఇండ్లలో ఇల్లాలివే. కనుక పింగాణీ పలకలు, అనగా టైల్సు, ఎక్కడ అతికింపవలెనన్నది మొదట శ్రమకు సంబంధించిన ప్రశ్న. అందము తరువాతి మాట.

ధనము పరిమితమైనప్పుడు గోడ లన్నిటికి ఆశపడ నక్కరలేదు. మొదటి వంతు పొయ్యి వెనుక గోడది: గట్టు మొదలు పై అలమర అడుగు వరకు, సుమారు 2 అడుగులు. పొయ్యి మూలకు చేరియున్నచో ప్రక్కగోడకును అంతే. రెండవ వంతు సింకు వెనుక గోడది. తక్కినచోట్ల కడుగుటకు వీలైన రంగు చాలును. పలకల వరుస గట్టు చివరతో సరిగా ముగిసిన చూపునకు ఇంపు.

గట్టుకు టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు వేయదలచినచో ముందు రాయి పరచి, దానిపై నుండి పలకలు మొదలిడవలెను. అప్పుడు గోడవైపు రాతి అంచు పలక క్రింద నుండును. సందు పూడ్చినచో నీరు లోనికి దిగదు.

ఒక్క హెచ్చరిక. 2018లో వచ్చిన తిత్లీ వంటి తుఫానులకు తీరప్రాంతపు గోడలు చెమ్మగిల్లును. చెమ్మకు మూలమును మాన్పక పైన పలకలు కప్పినచో అవి కాలక్రమమున ఊడివచ్చును. పాత సున్నపు పొరపై అతికించినవియు నిలువవు. కావున సున్నమును గోకివేసి, గోడను గరుకుచేసి, బాగుగా ఆరిన పిమ్మటనే మేస్త్రీని పిలువుడు.