చరిత్రయు కల్పితకథయు
(గచ్చిబౌలి వార్షికమహాసభలోని ఉపన్యాసము)



ఈ గచ్చిబౌలి సభకు వచ్చుచు మేము త్రోవలో గోలకొండకోటను జూచితిమి. పాతగోడ కనబడినంతనే దాని కథ వినవలెనను కోరిక పుట్టును. ఆ కథను చరిత్రకారుడును చెప్పును, నవలాకారుడును చెప్పును. వారి భేదమునుగూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము.

మన పూర్వులు ఈ భేదము నెఱుగుదురు. తెలిసిన వృత్తాంతమును జెప్పునది ఆఖ్యాయిక యనియు, కల్పించి చెప్పునది కథ యనియు అమరసింహుడు వేర్వేఱుగ నిర్వచించెను. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రగ్రంథములను, చారిత్రక నవలలను రెంటిని ప్రకటించినది. కాని ఒకదాని పేరు రెండవదానికి బెట్టలేదు.

రుద్రమదేవి విషయము జూడుడు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనము గలదు. పువ్వుల ముమ్మడి యను బంటు, గతించిన రుద్రమదేవికిని సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా భూమిని దానము చేసినట్లు అందున్నది. ఆమె యెట్లు మరణించెనో అది వర్ణింపదు. కాయస్థ అంబదేవునితోడి పోరున మడిసియుండునని చరిత్రకారులు ఊహింతురు. ఊహను ఊహ యనియే వ్రాయవలయును. నవలాకారుడచ్చట ఆగనక్కఱలేదు. ఆమె కడపటి మాటలను వినిపించి మనచే కన్నీరు వెట్టింపవచ్చును. అది దోషము కాదు, ఆతని ధర్మమే. అడివి బాపిరాజుగారి నవలలో గోన గన్నారెడ్డి గజదొంగ. 2015 నాటి ‘రుద్రమదేవి’ చలనచిత్రముతో ఆ రూపమే జనుల మనస్సులలో నిలిచినది. శాసనములలో నాతడు కాకతీయ సామంతుడు.

చరిత్ర పొరపడదా? పొరపడును. మార్కోపోలో రుద్రమను గతించిన రాజుయొక్క భార్యగా వ్రాసెను. ఆమె గణపతిదేవుని కుమార్తె యని శాసనములు ఆ తప్పును దిద్దినవి. చరిత్రను సాక్ష్యముతో దిద్దవచ్చును. కథకు సాక్ష్యమడుగ రాదు. ఇదియే అసలు భేదము.

ఇక మన మాట. కులమును చక్రవర్తికో, ఋషికో ముడివెట్టు వ్యాసములు ఇట్టి సంచికలలో వచ్చుచున్నవి. మేమును యౌవనమున అట్టిదొకటి వ్రాసితిమి. ఆధారమేమని శిష్యుడొకడడుగగా బదులు చెప్పలేక సిగ్గుపడితిమి. కావున తాతలు చెప్పిన కథను తాతలు చెప్పిన కథ యనియే అచ్చువేయుదము. ఈ ప్రాంతమున పొలములు మేడలైనవి, పాత ఊళ్ల గుర్తులు చెరగిపోవుచున్నవి. మీ యిండ్ల పెట్టెలలోని దస్తావేజులను, దానపత్రములను, తాటాకులను పాఱవేయక, నకళ్లు తీయించి సంఘమునకిండు. పోషకులు ఈ కార్యమునకు తోడ్పడుదురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.