టూ జేజెడ్: ఒక జపాను టర్బో ఇంజను, దాని సంరక్షణ

మోటారు బండ్ల మీద మోజున్న కుర్రవాళ్ళ నోట తరచుగా వినబడే పేరు ఒకటుంది. 'టూ జేజెడ్'. 2001లో విడుదలైన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' అనే హాలీవుడ్ సినిమాలో నారింజ రంగు టయోటా సుప్రా కారు పరుగు తీసినప్పటినుంచి ఈ పేరు దేశదేశాలకూ పాకింది. ఆ సినిమాలో వాడిన సుప్రా ఒకటి 2021లో అమెరికాలో వేలానికి వస్తే 5 లక్షల 50 వేల డాలర్లు పలికింది. కారు పేరు సుప్రా. దాని బోనెట్టు కింద ఉండే ఇంజను పేరు టూ జేజెడ్-జీటీఈ. ఈ పూట ఆ ఇంజను సంగతి, మరీ ముఖ్యంగా దాన్ని ఎలా చూసుకోవాలన్న సంగతి చెప్పుకుందాం.

మన రోడ్ల మీద కనబడని కారు గురించి మనకెందుకని మీరు అడగవచ్చు. టర్బో అన్నది ఇప్పుడు జపాను వాళ్ళ సొత్తు కాదు. అదే టయోటా కంపెనీ బెంగుళూరు పక్కన బిడదిలో 2005 నుంచి తయారుచేసిన ఇన్నోవా డీజిలు బండిలో టర్బో ఉంది. మన లారీల్లో ఉంది. హోసూరు, బళ్ళారి, బరంపురం షెడ్లలో పనిచేసే మేస్త్రీల చేతికి రోజూ టర్బో బండ్లు వస్తూనే ఉన్నాయి. టూ జేజెడ్ పెట్రోలు ఇంజనే అయినా, టర్బోను బతికించేదేమిటో, చంపేదేమిటో దాని దగ్గర చక్కగా తెలుస్తుంది.

ముందుగా దాని పేరు విప్పుదాం. మొదటి అంకె 2 అంటే జేజెడ్ అనే వంశంలో రెండో ఇంజను అని. జీ అంటే పనితనం కోసం చేసిన డబుల్ క్యామ్ హెడ్డు. టీ అంటే టర్బో. ఈ అంటే ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు. 1991లో జపానులో అరిస్టో అనే పెద్ద కారులో ఇది మొదట వచ్చింది. 1993లో కొత్త సుప్రాలోకి వెళ్ళింది. పేరంతా సుప్రాకే దక్కింది కాని, పెద్ద కొడుకు అరిస్టోయే.

ఒకే వరసలో ఆరు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం కూడా సరిగ్గా 86 మిల్లీమీటర్లే. కాగితం మీద లెక్కవేస్తే ఆరింటికీ కలిపి 2997 సీసీ తేలుతుంది. సిలిండరుకు నాలుగు చొప్పున 24 వాల్వులు. బ్లాకు పోత ఇనుము, పైనున్న హెడ్డు అల్యూమినియం. క్రాంకు షాఫ్టును ఏడు మెయిన్ బేరింగులు మోస్తాయి. పిస్టన్ల అడుగు భాగం మీదికి ఆయిలు చిమ్మి చల్లబరిచే సన్నని గొట్టాలు కూడా ఉన్నాయి. బ్లాకు పైభాగంలో సిలిండర్ల చుట్టూ లోహం మూసుకుని ఉంటుంది కాబట్టి ఎంత ఒత్తిడి వచ్చినా సిలిండరు గోడలు కదలవు. ఈ ఇంజను బలం అంటూ ఏదైనా ఉంటే అది ముందు ఈ బ్లాకులో ఉంది.

కంప్రెషన్ నిష్పత్తి ఎనిమిదిన్నరకు ఒకటి. టర్బో లేని దీని తోబుట్టువు టూ జేజెడ్-జీఈకి అది పదికి ఒకటి. బలమైన ఇంజనుకు కంప్రెషన్ తక్కువేమిటి అనిపిస్తుంది. టర్బో గాలిని ముందే కుక్కి పంపుతుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని సిలిండరులో మళ్ళీ గట్టిగా నొక్కితే, ప్లగ్గు మెరవకముందో మెరిసిన వెంటనేనో మిశ్రమం దానంతటదే పేలుతుంది. దీన్నే మన మేస్త్రీలు నాకింగ్ అంటారు. అందుకే టర్బో ఇంజనుకు కంప్రెషన్ తగ్గించి కడతారు. అందుకే టర్బోకీ ఇంజనుకూ మధ్య ఇంటర్‌కూలరు పెట్టి గాలిని చల్లబరుస్తారు.

ఇందులో టర్బోలు రెండు. రెండూ ఒక్కసారి పనిలోకి దిగవు. తక్కువ వేగంలో పొగ అంతా మొదటి టర్బోకే వెళ్ళి దాన్ని చప్పున లేపుతుంది. ఇంజను నిమిషానికి 4000 చుట్లకు చేరే సరికి రెండోది కూడా కలుస్తుంది. ఎద్దు ఒక్కటే బండి కదిలించి, దారి పట్టాక జోడెద్దు కాడి కిందికి వచ్చినట్టు. పెద్ద టర్బో ఒక్కటే పెడితే అది మేలుకునేదాకా బండి నీరసంగా ఉంటుంది. ఆ లోటు తీర్చడానికే ఇంత ఏర్పాటు.

జపానులో దీని శక్తిని 280 హార్స్ పవర్ అని ప్రకటించారు. ఎగుమతి చేసిన బండిలో అది 320. అప్పట్లో జపాను కంపెనీలన్నీ 280 దాటి ప్రకటించకూడదని తమలో తాము ఒక మాట అనుకున్నాయి. 2004లో హోండా లెజెండ్ కారుతో ఆ కట్టు తెగింది. అయితే తేడా అంతా ప్రకటనలోనే లేదు. జపాను బండి టర్బోలో పొగ తగిలి తిరిగే చక్రం పింగాణీ జాతి సిరామిక్‌ది. ఎగుమతి బండిలో అది ఉక్కుది, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లూ పెద్దవి. సిరామిక్ తేలిక కాబట్టి త్వరగా తిరుగుతుంది, కాని ఒత్తిడి మితిమీరితే పగిలిపోతుంది. 1997లో వాల్వుల సమయాన్ని మార్చే వీవీటీ-ఐ పద్ధతి కలిపారు. దానితో టార్కు 44 నుంచి 46 కిలోగ్రాం-మీటర్లకు పెరిగింది.

ఇక సంరక్షణ. దీనిలో మొదటి మాటా చివరి మాటా ఆయిలే. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని మోసేది ఇనుప బేరింగు కాదు, ఆ బేరింగుకూ ఇరుసుకూ మధ్యనుండే సన్నని ఆయిలు పొర. ఆ ఆయిలు మురికిపడితే ఇరుసు అరుగుతుంది. సింథటిక్ ఆయిలు వాడినా సరే, గట్టిగా నడిపే బండికి 5000 కిలోమీటర్లకొకసారి ఆయిలూ ఫిల్టరూ మార్చడం మంచిది. బండి షెడ్డులో కదలకుండా ఉన్నా ఏడాదికి ఒకసారైనా మార్చాలి.

బండి ఆపే పద్ధతి కూడా ముఖ్యమే. ఘాటు ఎక్కి వచ్చి, ఇంజను భగభగమంటుండగా టీ కొట్టు ముందు బండి ఆపి, ఠక్కున తాళం తిప్పేస్తారు మనవాళ్ళు. ఇంజను ఆగితే ఆయిలు పంపు ఆగుతుంది. ఎర్రగా కాలిన టర్బోలో మిగిలిన ఆయిలు మాడి బొగ్గుగా గట్టిపడుతుంది. మూకుడు పొయ్యి మీద మరచిపోతే అడుగంటినట్టే. ఆ బొగ్గు ఆయిలు దారులను మూసేస్తుంది. టూ జేజెడ్ టర్బోలకు నీటి చల్లదనం కూడా ఉంది, కాబట్టి నష్టం కొంత తగ్గుతుంది. అయినా గట్టిగా నడిపిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నిదానంగా తిరగనిచ్చి ఆపడమే పద్ధతి. ఊళ్ళో మెల్లగా తిరిగి వచ్చిన బండికి ఇది అక్కర్లేదు. ఇన్నోవాకైనా లారీకైనా ఇదే మాట వర్తిస్తుంది.

రెండోది టైమింగ్ బెల్టు. లక్ష కిలోమీటర్లకు మార్చాలి. కాని ఇవన్నీ ఇప్పుడు పాతబండ్లు. మీటరు మీద 60 వేలే చూపిస్తున్నా, రబ్బరుకు వయసు లెక్క వేరే ఉంది. ఎప్పుడు మార్చారో రాతమూలకంగా ఆధారం లేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్టు విప్పినప్పుడే టెన్షనరు, ఐడ్లర్ పుల్లీ, వాటర్ పంపు, క్యామూ క్రాంకూ ముందు సీళ్ళు అన్నీ మార్చేయాలి. మళ్ళీ విప్పే కూలి ఆ సామాను ధరకంటే ఎక్కువ. ఈ ఇంజనులో ఆయిలు పంపు ముందు సీలు బయటికి తోసుకువచ్చే జబ్బు బాగా ఎరుగున్నదే. కారిన ఆయిలు బెల్టు మీద పడితే కొత్త బెల్టు కూడా పాడవుతుంది. అలాగే క్రాంకు పుల్లీలో రెండు ఇనుప వలయాల మధ్య రబ్బరు ఉంటుంది. పగుళ్ళు కనబడితే దాన్ని నమ్మకూడదు.

వాల్వుల సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. గాలి వచ్చే వాల్వుకు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, పొగ పోయే వాల్వుకు 0.25 నుంచి 0.35. తేడా వస్తే పైనున్న షిమ్ము బిళ్ళ మార్చి సరిచేస్తారు. ఓపిక కావలసిన పని. కవరు గాస్కెట్టు కారి ప్లగ్గు గుంటల్లో ఆయిలు నిలిచిందేమో అప్పుడే చూసుకోవచ్చు.

ఇక రెండో టర్బో అందుకోవడం లేదని వచ్చే ఫిర్యాదు. చాలామంది టర్బో పోయిందని తేల్చేస్తారు. ముందు చూడవలసినవి వాక్యూమ్ గొట్టాలు. ఈ జోడు టర్బోల కవాటాలను తిప్పేది ఆ సన్నని రబ్బరు గొట్టాలే. ఇంజను వేడికి ఏళ్ళ తరబడి కాలి, పెళుసెక్కి, వేలితో వంచితే విరుగుతాయి. ఒక్కటి చీలినా రెండో టర్బో నిద్రలేవదు. ఈ చిక్కు పడలేక చాలామంది రెండు టర్బోలూ తీసేసి పెద్దది ఒకటి బిగించుకుంటారు. రేసుబండికి అది సరే. రోడ్డు మీద నడిపే మనిషి మాత్రం కొన్ని గొట్టాలు మార్చలేక, కంపెనీ ఇంజనీర్లు కష్టపడి సాధించిన సుఖాన్ని తీసి బయట పారేసినవాడవుతాడు.

పంతానికి పోయి బూస్టు పెంచడం గురించి కూడా చెప్పాలి. ఈ బ్లాకు కంపెనీ చెప్పినదానికి రెండింతల శక్తిని మోస్తుందన్న మాట నిజమే. ఆ మాట పట్టుకుని బూస్టు స్క్రూ తిప్పేవాళ్ళున్నారు. బ్లాకు మోస్తుంది, సరే. గాలి పెరిగినంత పెట్రోలు ఎవరు పోస్తారు? ఇంజెక్టర్లూ పంపూ పాత కొలతవే. ఒత్తిడి హద్దు దాటితే కంప్యూటరు ఇంధనం ఆపి ఇంజనును కాపాడుతుంది. ఆ కాపలాను కూడా తప్పించేవాళ్ళున్నారు. అప్పుడు పెట్రోలు పలచబడి, నాకింగ్ మొదలై, పిస్టను రింగుల గట్లు విరుగుతాయి. సిరామిక్ చక్రం పగిలితే సరేసరి. అదీగాక జపాను బండిని అక్కడ దొరికే 100 ఆక్టేన్ పెట్రోలుకు సరిచేసి పంపారు. తక్కువ ఆక్టేన్ పోసి బూస్టు పెంచడం కోరి తెచ్చుకునే నష్టం.

సుప్రా తయారీ 2002లో ఆగిపోయింది. 2019లో వచ్చిన కొత్త సుప్రాలో ఉన్నది బీఎండబ్ల్యూ ఇంజను. అందువల్ల మిగిలిన టూ జేజెడ్‌ల మీద బతికున్న సరుకుకు ఉండే గిరాకీ ఉంది. 2020 నుంచి టయోటా తన హెరిటేజ్ పథకం కింద పాత సుప్రాల విడిభాగాలు కొన్నింటిని మళ్ళీ చేసి అమ్ముతోంది. ఎక్కడున్నవారైనా ఈ ఇంజనును కొనదలిస్తే ముందురోజు రాత్రంతా చల్లారిన ఇంజనును పొద్దున్నే తమ ఎదుట స్టార్టు చేయించాలి. ఒక్క క్షణం నీలిపొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్ళు గట్టిపడ్డాయని అర్థం, అది బాగుచేయదగిన జబ్బే. పొగ ఆగకుండా వస్తుంటే టర్బో సీళ్ళో రింగులో పోయినట్టు. ఆరు సిలిండర్లకూ కంప్రెషన్ కొలిపించాలి. అంకె ఎంత అన్నదానికంటే ఆరూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది చూడాలి. ఆయిలు మూత విప్పి లోపలికి టార్చి వేసి చూడాలి. తేనె రంగు అయితే ఫరవాలేదు. నల్లని పేరుడు కనిపిస్తే, అమ్మేవాడు ఎన్ని రశీదులు చూపించినా బేరం అక్కడితో వదులుకోండి.