ఎగ్జిబిట్ల వైపు నుంచి: వెల్వడం - బర్క్లీ కేసు రికార్డులపై ఒక వాదన
(ప్రగతి నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)



ఉపన్యాసం ఇవ్వమని అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. గౌరవం దక్కిందన్న సంతోషం ఉంది. సదస్సుల్లో పదిహేను నిమిషాల్లో ముగించాల్సి వచ్చే నా పాత వాదన ఒకదాన్ని మీ ముందు మొదటి నుంచి చివరి దాకా చెప్పుకోవచ్చన్న ఆశ కూడా ఉంది.

ఎవరి పేరున కుటుంబం ఈ ధర్మనిధిని ఏర్పాటు చేసిందో ఆ కోర్టు సూపరింటెండెంటు గారు మీకు పొద్దున్నే చెరువు గట్టు మీద నడిచే పెద్దమనిషిగా తెలుసు. నాకు తెలిసింది కోర్టు రికార్డు రూములో. నకలు కోసం వెళ్లిన నన్ను ఆయన ఫ్యాను కింద కూర్చోనివ్వలేదు, కాగితాలు ఎగురుతాయని. తీర్పును మొదటి పేజీ నుంచి చదువుతుంటే కట్ట నా చేతిలోంచి తీసుకుని వెనక్కి తిప్పి, చివర ఉండే సాక్ష్యాల పట్టిక తెరిచి పెట్టారు. ఎవరిని విచారించారు, ఏ కాగితాలు ఎగ్జిబిట్లుగా మార్కు చేశారు, ఏ వస్తువులు దాఖలు చేశారు: ఇది చూశాకే తీర్పు చదవమన్నారు. ఆయన మంచితనం గురించి ఇంటివాళ్లు చక్కగా చెప్పారు. నేను రుణపడింది ఆ ఒక్క అలవాటుకు.

ఆ అలవాటుతోనే ఇవాళ ఆడపిల్లల అక్రమ రవాణా కేసు ఒకదాన్ని చదువుతాను; ఆ రవాణా గురించిన చట్టాలు మీకు తెలిసినవే. 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం, 2013లో మార్చిన ఐపీసీ 370, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143, పిల్లల విషయంలో పోక్సో. ప్రజ్వల సంస్థ హైదరాబాదు నుంచి సుప్రీంకోర్టు దాకా నడిపిన పోరాటం కూడా ఈ సభకు కొత్త కాదు. వాటిని దాటి నేరుగా కేసులోకి వెళతాను.

1999 నవంబరు 24న కాలిఫోర్నియాలోని బర్క్లీ పట్టణంలో, ఒక అద్దె అపార్ట్‌మెంటులో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి 17 ఏళ్ల తెలుగు అమ్మాయి చనిపోయింది. చెల్లెలు బతికింది. ఇంటి యజమాని లకిరెడ్డి బాలిరెడ్డి. మైలవరం దగ్గర వెల్వడం ఆయన ఊరు. అప్పుడది కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. 1960లో చదువుకోవడానికి వెళ్లి, హోటలు పెట్టి, బర్క్లీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్లకు యజమాని అయ్యారు. చుట్టలా చుట్టిన తివాచీని మనుషులు వ్యానులోకి ఎక్కిస్తుండటం, ఏడుస్తున్న ఒక అమ్మాయిని అందులోకి నెడుతుండటం దారిన పోయే ఒకావిడ చూసి పోలీసులను పిలిపించింది. పోలీసులు మొదట ప్రమాదమనే అనుకున్నారు. 17 ఏళ్ల పిల్ల బడిలో ఎందుకు లేదని అడిగింది బర్క్లీ హైస్కూలు విద్యార్థుల పత్రిక 'జాకెట్'. ఆ డిసెంబరులోనే వాళ్లు రాశారు. 2000 జనవరిలో బాలిరెడ్డిని అరెస్టు చేశారు. 2001లో ఆయన నాలుగు నేరాలు ఒప్పుకున్నారు: వలస చట్టాన్ని మోసగించే కుట్ర ఒకటి, లైంగిక నేరం కోసం మైనర్లను తరలించడం రెండు, తప్పుడు ఆదాయపు పన్ను రిటర్ను ఒకటి. 97 నెలల జైలు, బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారం. 2008లో విడుదలయ్యారు. సివిలు దావా 2004లో 89 లక్షల డాలర్లకు రాజీ అయింది.

ఈ కేసును ఎలా చదవాలన్న చోటే నా తగవు.

మన విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కేసుల మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది బాధితురాలి వాఙ్మూలాన్నే కేసుకు ప్రాణమంటారు. మిగతా కాగితాలన్నీ వాళ్ల దృష్టిలో గుమాస్తా వ్యవహారం. నేను కాగితమే ముందు అంటాను. వీసా దరఖాస్తు, అద్దె రశీదు, పన్ను రిటర్ను, విమానం టికెట్టు, లాడ్జి రిజిస్టరు: నేరం నడిచిన దారి వీటిలో ఉంటుంది. మాట మీద ఒత్తిడి పెట్టవచ్చు, బెదిరించవచ్చు, కొనవచ్చు, అలిసిపోయేలా చేయవచ్చు. మన కోర్టుల్లో ప్రాసిక్యూషన్ మొదటి సాక్షిగా (పి.డబ్ల్యు.1) నిలబడిన అమ్మాయి రెండేళ్ల తర్వాత మాట మార్చి హాస్టైల్ అయితే ఆ కేసు చాలాసార్లు అక్కడితో పోతుంది. పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంటు సాక్ష్యంగా నిలవదు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన స్టేట్‌మెంటును కూడా ఆమె కాదంటే, దాని ఒక్కదాని మీద శిక్ష వేయడం కుదరదు. అన్ని బరువులూ ఆ పిల్ల భుజాల మీద పెట్టి, ఆమె వంగిపోయిందని కేసు కొట్టేయడం ఎంత అన్యాయమో మనం ఆలోచించం.

బర్క్లీ కేసు దీనికి నిలువెత్తు సాక్ష్యం. ఆనాటి పత్రికా కథనాల ప్రకారం, ప్రమాదం జరిగిన చోట బతికిన చెల్లెలి మాటలు పోలీసులకు ఇంగ్లీషులో చెప్పింది బాలిరెడ్డే. ఆమె తొలి మాట నిందితుడి నోటి గుండా కాగితం మీదికి ఎక్కింది. తర్వాత ప్రభుత్వమే దుబాసీని పెట్టుకుంది. ఆ దుబాసీ అమ్మాయిల చేత ఉన్నదానికంటే ఎక్కువ చెప్పించారన్న ఆరోపణ వచ్చి, బాలిరెడ్డి కొడుకుల మీది కేసులు చిక్కుల్లో పడ్డాయి. చివరికి వాళ్ల విషయంలో మిగిలింది వలస చట్టం నేరాలే: ఒకరికి రెండేళ్ల జైలు, ఇంకొకరికి ప్రొబేషను, గృహనిర్బంధం. అమ్మాయిల మాట అబద్ధమని ఏ కోర్టూ తేల్చలేదు. దాన్ని రాసుకున్న పద్ధతి చెడింది. వాళ్ల తెలుగు మాట మొదటి రోజు నుంచీ టేపు మీద ఉండి ఉంటే దుబాసీ మీద వచ్చిన ఆరోపణ దుబాసీ దగ్గరే ఆగేది.

కాగితాలు మాత్రం కదల్లేదు. ఇక్కడ కూర్చున్న చాలామందికి అలాంటి కాగితాలు బాగా తెలుసు. అది వైటూకే కాలం. 1999 ఆర్థిక సంవత్సరానికి అమెరికా హెచ్-1బి కోటా 1,15,000కు పెంచింది. నిజాంపేట నుంచి మాదాపూర్ దాకా ఈ దారి పొడుగునా ఉన్న ఇళ్లలో సగం ఆ వీసా మీద లేచినవే. యజమాని ముందు కార్మిక శాఖకు ఎల్.సి.ఎ. (జీతం, పని షరతుల హామీ పత్రం) పెడతాడు, ఆపైన ఐ-129 దరఖాస్తు. ఉద్యోగితో పాటు భార్యకు, 21 ఏళ్లలోపు పిల్లలకు హెచ్-4. అక్కాచెల్లెళ్లిద్దరూ ఈ దారినే వెళ్లారు. బాలిరెడ్డి కుటుంబానికి చెందిన సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు మీద ప్రోగ్రామరుగా వీసా తెచ్చుకున్న ఒక మనిషి, ఆయన భార్యగా నటించిన ఇంకో మనిషి, వాళ్ల కూతుళ్లుగా మారుపేర్లతో ఈ పిల్లలు. సంతకాలున్నాయి, తేదీలున్నాయి, స్పాన్సరు ఎవరో ఉంది. ఒక్కదానికి కూడా దుబాసీ అవసరం లేదు.

ఇంకొక విషయం మన ఐటీ వాళ్లకే ఎక్కువమందికి తెలియదు. ఎల్.సి.ఎ. పెట్టిన ప్రతి యజమానీ ఒక రోజు లోపల ఒక ఫైలు తయారు చేసి ఉంచాలి. జీతమెంత, పని ఎక్కడ, ఆ జీతం ఎలా నిర్ణయించారు అన్నవి అందులో ఉండాలి. ఎవరు అడిగినా చూపించాలి, ఉద్యోగే అడగాలని లేదు. ఆ ఉద్యోగం ముగిశాక కూడా ఏడాది దాచాలి. ఒక ప్రోగ్రామరు ఏ ఆఫీసులో ఏ పని చేస్తున్నాడని ఒక్కరు వెళ్లి అడిగి ఉంటే, అసలు ఆ పని లేదని తేలేది.

నా మీద వచ్చిన విమర్శలు మూడు. వాటిని దాటవేయను.

మొదటిది: కాగితాలు నిందితుడి చేతుల్లో తయారవుతాయి, వాటిని ఎలా నమ్ముతారు? నమ్మమని నేననలేదు. దొంగ కాగితమే అన్నిటికంటే గట్టి సాక్ష్యం. తండ్రి కాని మనిషిని తండ్రిగా రాసిన దరఖాస్తు, రాసినవాడి ఉద్దేశాన్ని బయట పెడుతుంది. బాలిరెడ్డి ఒప్పుకున్న మొదటి నేరం సరిగ్గా అదే.

రెండోది: కాగితానికి పెద్దపీట వేస్తే ఆడపిల్ల గొంతు నొక్కినట్టే. స్త్రీవాద మిత్రులు ఈ మాట అంటున్నప్పుడు నేను జాగ్రత్తగా వింటాను. ఈ కేసు గురించి బర్క్లీలో మొదట వీధిలోకి వచ్చినవాళ్లలో సామాజిక శాస్త్రవేత్త డయానా రస్సెల్ ఉన్నారు. దక్షిణాసియా యువతీయువకులు ఈ కేసు కారణంగానే 2000లో అసటా అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్లు లేకపోతే బర్క్లీ తెలుగువాళ్ల మౌనం బద్దలయ్యేది కాదు. అయినా నా జవాబు ఇది: కాగితం గట్టిగా ఉన్నప్పుడే ఆ అమ్మాయి తనకు ఇష్టమైనంత చెప్పి, చెప్పలేనిది చెప్పకుండా ఉండగలుగుతుంది. ఆమె మౌనం వల్ల కేసు పోదని తెలిసిన రోజున ఆమెను బెదిరించి లాభం ఉండదు.

మూడోది బలమైనది, దీని మీదే నాకు ఎక్కువ నిద్ర కరువైంది. కాగితాల మీద నడిపితే అత్యాచారం కాస్తా వీసా కేసు అయిపోతుందని. నిజమే, మన దగ్గర అలాగే జరిగింది. మైలవరం ప్రాంతంలో, విజయవాడలో, ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఈ సంగతి ఎత్తితే "అది వీసా గొడవండీ" అని కొట్టిపారేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు ఒకటే చెబుతాను: రికార్డు చదవండి. నాలుగు నేరాల్లో రెండు మైనర్లను లైంగిక నేరం కోసం తరలించినవి, వాటిని ఆయనే జడ్జి ఎదుట ఒప్పుకున్నారు. వాళ్లను ఎవరు ఏ దారిన తెచ్చారో చూపేది ప్రయాణం తాలూకు కాగితాలే. మనుషుల అక్రమ రవాణా బాధితుల కోసం అమెరికా చేసిన చట్టం 2000 అక్టోబరులో వచ్చింది, ఈ నేరాలు అంతకు ముందువి. ఆ చట్టం వర్తించకపోవడాన్ని చూపించి నేరం చిన్నదనడం న్యాయం కాదు. కొడుకుల కేసుల్లో వలస నేరాలే మిగలడం నా వాదనకు దెబ్బ అని ఒక మిత్రుడు రాశారు. నాకు తిరగేసి కనిపిస్తుంది. మాట చెదిరాక ఆ కాగితాలు కూడా లేకపోతే మిగిలేది సున్నా.

బయటి ప్రపంచంలో కూడా ఇదే చూస్తున్నాం. మైనర్ బాలికలపై లైంగిక నేరాలు చేసిన అమెరికా ధనవంతుడు ఎప్‌స్టీన్ కేసులో ప్రాసిక్యూటర్లు ఫ్లోరిడా ఒప్పందాన్ని 2007లో బాధితులకు తెలియకుండా కుదుర్చుకున్నారు. అది వాళ్ల హక్కులకు భంగమని ఫెడరల్ జడ్జి చెప్పేసరికి 2019 వచ్చింది. ఆ మధ్య కాలమంతా విషయాన్ని బతికించినవాటిలో విమానం లాగ్ పుస్తకాలు ఉన్నాయి. 2025 నవంబరులో ఆ కేసు ఫైళ్లను 30 రోజుల్లో బయట పెట్టాలని చట్టం చేశారు. పెట్టేటప్పుడు కొందరు బాధితుల పేర్లు చెరపకుండానే వెళ్లిపోయాయి. అన్నీ తెరవాలనేవాళ్లు, ఏదీ తెరవకూడదనేవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఆగి చూడాలి. తెరవాల్సింది తెచ్చినవాళ్ల దారిని, మూయాల్సింది పిల్లల పేర్లను. 2018లో షికాగోలో తెలుగు సినిమా నటీమణులను వ్యభిచారంలోకి దించారన్న ఆరోపణపై దాఖలైన అఫిడవిట్టులో బాధితులకు అక్షరాలే పేర్లు. వాళ్లు ఏ కారణం చెప్పి వీసా తీసుకున్నారు, ఎక్కడికి టికెట్టు ఉంది అన్నది మాత్రం వివరంగా ఉంది. ఆ పద్ధతి మనకు చేతనవును. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 11న బాధితురాలిని గుర్తుపట్టే ఏ వివరమూ బయటికి రాకూడదంది. ఆ తీర్పు మన చేతులు కట్టేయలేదు, పని ఎలా చేయాలో చెప్పింది.

ఇప్పుడు మన చుట్టుపక్కల సంగతి. 2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు ఆన్‌లైన్ ప్రకటనలు, వాట్సాప్ గ్రూపులతో నడిచిన ఒక ముఠాను పట్టుకుని, దాని బారిన పడిన మహిళలు 14,190 మంది అని చెప్పారు. విదేశాల నుంచి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. పత్రికల్లో ఆ అంకె రెండు రోజులు నిలిచింది. నా మనసు మాత్రం వాళ్లను ఉంచిన గదుల దగ్గరే ఆగింది. విదేశీయులను దింపిన ప్రతి హోటలూ అప్పట్లో 24 గంటల్లో ఆ వివరాలతో ఫారం-సి పంపాల్సి ఉండేది. ఎన్ని ఫారాలు వెళ్లాయి? పంపని హోటళ్లేవి? గది ఎవరి ఫోను మీద బుక్కయింది, డబ్బు ఏ ఖాతాలోంచి కదిలింది? 14,190 మందిని సాక్షులుగా బోను ఎక్కించడం ఎవరి తరమూ కాదు. హోటలు రిజిస్టరును ఎక్కించవచ్చు.

అయితే రిజిస్టర్లు ఉంటాయా? 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం ఇంకా మన కోర్టుల గదుల్ని ఖాళీ చేస్తూనే ఉంది. గడువు దాటిన కట్టలు వరసగా వెళ్లిపోతాయి. ఈ-కోర్ట్స్‌లో తీర్పు మిగిలినా, దాని వెనక మార్కు చేసిన ఎగ్జిబిట్లు మిగలవు.

అందుకే ప్రస్తుతం నేను చేస్తున్న పని ఇది. రెండు తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం కింద వచ్చిన తీర్పుల వెనక పట్టికలను మాత్రం తీసుకుని ఒక సూచీ తయారు చేస్తున్నాను. సాక్షుల పేర్లు అందులోకి రావు, ఊళ్లూ రావు. వచ్చేది ఇంటి ఓనరు దగ్గర పట్టుకున్న అద్దె ఒప్పందం, లాడ్జి లైసెన్సు, బండి ఆర్సీ, బ్యాంకు ఖాతా, ఫోను కాల్ వివరాలు. ఒకే లాడ్జి, ఒకే బండి వేర్వేరు కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుందేమో చూడాలి. ఒక్కొక్క కేసును విడివిడిగా విచారించే జడ్జికి అది కనిపించదు. ముందు రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి కోర్టులు, ఆ తర్వాత విజయవాడ.

పేర్లను యంత్రం చేత చెరిపించి వదిలేస్తే ఎప్‌స్టీన్ ఫైళ్లకు పట్టిన గతే మనకూ పడుతుంది. ప్రతి పేజీని ఇద్దరు మనుషులు విడివిడిగా చూడాలి. ఈ హాల్లో కంప్యూటరు ముందు రోజంతా కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆదివారం పూట రెండు గంటలు ఇవ్వగలవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి. నకలు దరఖాస్తుల ఖర్చు ఈ ధర్మనిధి నుంచి ఇవ్వడానికి సూపరింటెండెంటు గారి అమ్మాయిలు ఇవాళ పొద్దున ఒప్పుకున్నారు. మొదటి విడత దరఖాస్తులు రాసి సిద్ధంగా ఉన్నాయి, సోమవారం కోర్టులో వేస్తున్నాం.