మూత్రపిండానికీ చెవికీ ఒకే జన్యువు

మనం తినే తిండి వల్ల ఒంట్లో రోజూ కొంత ఆమ్లం తయారవుతుంది. దాన్ని బయటికి పంపే పని మూత్రపిండాలది. అక్కడి కొన్ని కణాల పైపొరలో ప్రోటాన్ పంపులుంటాయి. ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చు చేస్తూ, చక్రంలా తిరుగుతూ, అవి ఆమ్లానికి మూలమైన ప్రోటాన్లను మూత్రంలోకి తోసేస్తాయి.

ఈ పంపు చాలా ప్రోటీన్ల కూర్పు. అందులో బీ1 అనే భాగానికి సూచనలిచ్చే జన్యువు ఏటీపీ6వీ1బీ1. ఇది 2వ క్రోమోజోమ్ మీద ఉంది. నన్ను అబ్బురపరిచేదేమిటంటే, ఇదే భాగం లోపలి చెవిలోనూ పనిచేస్తుంది! అందుకే తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడిపోతే రెండు చోట్లా దెబ్బ తగులుతుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బిడ్డకు వాంతులవుతాయి, ఎదుగుదల ఉండదు, ఎముకలు మెత్తబడతాయి, మూత్రపిండాల్లో కాల్షియం పేరుకుంటుంది. వినికిడి కూడా తగ్గుతుంది. ఈ సంబంధాన్ని పరిశోధకులు 1999లో వెల్లడించారు.

ఈ జబ్బు అరుదే. కానీ మేనరికాల్లో రెండు చెడ్డ ప్రతులూ ఒకే బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ, మన తెలుగు కుటుంబాల్లో అవి ఇంకా జరుగుతూనే ఉన్నాయి. సోడియం బైకార్బొనేట్ లేదా సిట్రేట్ మందులు క్రమం తప్పకుండా వాడితే బిడ్డ ఎదుగుతుంది. పోయిన వినికిడి మాత్రం వాటితో తిరిగి రాదు, దానికి వినికిడి యంత్రమో, కాక్లియర్ ఇంప్లాంటో కావాలి.

ఎదగని బిడ్డకు చెవుడు కూడా ఉంటే, దయచేసి మూత్రపిండాల పరీక్ష కూడా చేయించండి.