పటంలో కనబడని వత్రాప్

(నగర తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పశ్చిమ కనుమల పాదాన, శ్రీవిల్లిపుత్తూరుకు ఉత్తరంగా ఉన్న చిన్న పట్టణం వత్రాప్. తమిళంలో దానిని వత్తిరాయిరుప్పు అంటారు. అక్కడి నుంచీ, విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి పరిసరాల నల్లరేగడి గ్రామాల నుంచీ వచ్చి ఈ నగరంలో స్థిరపడిన కుటుంబాలు ఈ సభలో ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. అంటే రాష్ట్ర జనాభాలో నూటికి దాదాపు ఆరుగురు. విరుదునగర్ జిల్లాలో వీరు ఏ తాలూకాలో ఎందరున్నారో పటం మీద చూపాలని మన యువతీయువకులు కొందరు పూనుకున్నారు. ఆ పనిలో ఎదురైన చిక్కులనూ, వాటిని విప్పుకొన్న విధానాన్నీ మీ ముందుంచడమే నా ఉద్దేశం.

వారు వాడినది ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీనిని రూపొందించారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒకరి ఇంటి కంప్యూటరులో పటం చక్కగా వచ్చింది. అదే ప్రోగ్రాము రెండవ కంప్యూటరులో దోషసందేశం చూపి ఆగిపోయింది. మూడవదానిలో పటం వచ్చింది గాని తెలుగు పేర్లున్న చోట చిన్న చిన్న డబ్బాలు కనిపించాయి. నాలుగవదానిలో అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. వత్రాప్, వెంబకోట్టై తాలూకాలు మాత్రం తెల్లగా మిగిలాయి.

కంప్యూటరు పాడైందని అనుకోవడం తేలిక. కాని నాలుగు యంత్రాలలో ఏదీ పాడు కాలేదు. ప్రతి తేడాకూ దాని కారణం దానికి ఉంది.

మొదటి కారణం ప్యాకేజీలు. ఆర్‌లో పటాలు గీయడానికి ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ అనే ప్యాకేజీలు చాలా ఏళ్లు వాడుకలో ఉండేవి. 2023 అక్టోబరులో వాటి నిర్వహణను విరమించి అధికారిక భాండాగారం నుంచి తొలగించారు. పాత కంప్యూటరులో అవి ముందే ఉన్నాయి కనుక ప్రోగ్రాము నడిచింది. కొత్తదానిలో వాటిని స్థాపించడమే సాధ్యం కాలేదు. నేడు ఆ పని ఎస్‌ఎఫ్ అనే ప్యాకేజీ చేస్తుంది. ప్రోగ్రామును దానికి అనుగుణంగా మార్చడమే పరిష్కారం. సరిహద్దుల ఫైలు విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరుగుతుంది. షేప్‌ఫైల్ అంటే ఒక్క ఫైలు కాదు. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే మొదలైనవి కలిసి ఉండే కుటుంబం. మొదటిదానిని మాత్రమే పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోతే రెండవ కంప్యూటరు దానిని సరిగా చదవలేదు.

రెండవ కారణం లిపి. విండోస్‌లో ఆర్ 2022 ఏప్రిల్‌లో వెలువడిన 4.2.0 సంచికతోనే యూటీఎఫ్-8 సంకేత పద్ధతిని స్వంతం చేసుకుంది. అంతకు పూర్వపు సంచికలలో తెలుగు అక్షరాలు చెదిరిపోవడం సాధారణం. సంకేత పద్ధతి సరిగా ఉన్నా, కంప్యూటరులో తెలుగు ఫాంటు లేకపోతే డబ్బాలే కనిపిస్తాయి. ఫాంటు కూడా ఉండి, ‘వత్రాప్’లోని ‘త్ర’ విడిపోయి వత్తు పక్కకు జరిగితే, చిత్రాన్ని గీసే భాగానికి సంయుక్తాక్షరాలను కూర్చడం తెలియదని అర్థం. అప్పుడు పీడీఎఫ్‌ను మామూలు పద్ధతిలో గాక కైరో పద్ధతిలో తయారుచేయాలి.

మూడవ కారణం అక్షాంశ రేఖాంశాలు. ఊళ్లను చుక్కలుగా గుర్తించబోతే అవి పటం వెలుపల పడ్డాయి. వత్రాప్ సుమారు 9.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.6 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఈ రెండూ తారుమారైతే మన ఊరు ఆర్కిటిక్ ప్రాంతంలో, స్వాల్‌బార్డ్ దీవులకు పడమటి సముద్రంలో తేలుతుంది! మనం అక్షాంశాన్ని ముందు చెబుతాం. పటాల సాఫ్ట్‌వేర్ చాలా వరకు రేఖాంశాన్ని ముందు అడుగుతుంది. ఆ వరుసను ఒకసారి చూసుకుంటే చాలు.

ఈ మూడింటిలోనూ తప్పు కంటికి కనబడుతుంది. నాలుగవది అలా కాదు. అందుకే అది అన్నిటికంటె ప్రమాదకరం.

2011 జనగణన నాటికి విరుదునగర్ జిల్లాలో ఎనిమిది తాలూకాలు. వత్రాప్ అప్పుడు శ్రీవిల్లిపుత్తూరు తాలూకాలో భాగం. తరువాత వత్రాప్, వెంబకోట్టై ప్రత్యేక తాలూకాలై ఆ సంఖ్య పది అయింది. నాలుగవ కంప్యూటరులో ఉన్నది పది తాలూకాల కొత్త సరిహద్దుల ఫైలు. జతచేసినవి ఎనిమిది తాలూకాల పాత లెక్కలు. కొత్త తాలూకాలకు లెక్క దొరకలేదు. ఆర్ ఏ దోషసందేశమూ ఇవ్వకుండా వాటిని ఖాళీగా వదిలింది. అంతేకాదు, శ్రీవిల్లిపుత్తూరు కొత్త హద్దుల లోపల వత్రాప్ వారిని కూడా కలిపిన పాత సంఖ్య చూపింది. అంటే రంగు వేసిన చోట కూడా తప్పే.

పేర్లతో జతచేస్తే మరొక చిక్కు. ఒక పట్టికలో వత్రాప్ అనీ, మరొకదానిలో వత్తిరాయిరుప్పు అనీ ఉంటే కంప్యూటరుకు అవి రెండు ఊళ్లు. 1985లో ఏర్పడిన ఈ జిల్లాకే మొదట కామరాజర్ జిల్లా అని పేరు. పేర్లకు బదులు జనగణన సంకేత సంఖ్యలు వాడటం మేలు. అయితే తాలూకా సంకేతానికి ముందుండే సున్న ఎక్సెల్‌లో తెరిచి దాచినప్పుడు ఎగిరిపోతుందని మరువరాదు.

కనుక ఈ పనికి పూనుకొనేవారు నాలుగు నియమాలు పాటించండి. ఒకటి, రెండు కంప్యూటర్లలోనూ ‘సెషన్‌ఇన్ఫో’ అనే ఆజ్ఞ ఇచ్చి, ఆర్, ప్యాకేజీల సంచికలను పక్కపక్కన పెట్టి పోల్చండి. రెండు, లెక్కలు, హద్దులు, ప్రోగ్రాము అన్నిటినీ ఒకే ఫోల్డరులో ఉంచి, ఫోల్డరునంతటినీ పంపండి. మూడు, లెక్కలు ఏ సంవత్సరానివో హద్దులూ ఆ సంవత్సరానివే వాడండి. ఆ సంవత్సరాన్ని పటం కింద ముద్రించండి. నాలుగు, రంగు వేయక ముందే, జత కుదరని తాలూకాల జాబితా తీయండి. సమాచారం లేని చోటుకు వేరే రంగు ఇచ్చి, ‘లెక్క లేదు’ అని రాయండి. లెక్క లేకపోవడం వేరు, మనుషులు లేకపోవడం వేరు.

ఇది కేవలం కంప్యూటరు తెలిసినవారి గొడవ కాదు. తెలుగు పాఠశాల ఎక్కడ ఉండాలి, ప్రకటనలు ఏ భాషలో రావాలి అని అడగడానికి వెళ్లినప్పుడు మన చేతిలో ఉండేది ఇటువంటి పటమే. తెల్లగా ఉన్న చోటును చూసిన అధికారి అక్కడ మనవారు లేరనే అనుకుంటాడు. అతనిది తప్పు అనలేం. పటం అలా చెప్పింది.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా నిర్ణయించినట్లు కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. గణకులు మన ఇంటికి వచ్చి మాతృభాష అడిగినప్పుడు తెలుగు అని స్పష్టంగా చెప్పడం పెద్దల బాధ్యత. ఆ లెక్కలు వెలువడిన తరువాత వాటిని సరైన హద్దులతో జతచేసి, ఏ కంప్యూటరులో తెరిచినా ఒకే తీరుగా కనబడే పటం గీయడం పిల్లల బాధ్యత. ఇవి రెండూ సరిగా జరిగితే వత్రాప్ తన చోటనే, తన లెక్కతోనే, తన పేరుతోనే కనబడుతుంది.