సీసాలో ఒక గ్రాము

 

నేను మంచినీళ్ళ సీసాలు తయారుచేసే రంగంలో ఇంజనీరుని. ప్లాస్టిక్ సీసాలు చేసేవాడు పర్యావరణం గురించి చెప్పడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, కానీ ముందు లెక్క చూడండి.

రోజుకు లక్ష సీసాలు నింపే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. సీసాకు ఒక్క గ్రాము తగ్గిస్తే రోజుకు 100 కిలోల ప్లాస్టిక్ మిగులుతుంది. ఏడాదికి 36 టన్నుల పైమాటే. కొత్త పెట్ ప్లాస్టిక్ కిలో తయారుకావాలంటే రెండు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే ఖర్చుతో పాటు కాలుష్యమూ తగ్గినట్టే.

ఆ గ్రాము ఎక్కడ దొరుకుతుంది? చాలావరకు మెడ దగ్గరే. కూల్‌డ్రింక్ సీసాల మెడను పొట్టిచేసి ఒక గ్రాముకు పైగా తగ్గించారు. గోడ పలచబడితే చుట్టూ గాళ్ళు పెట్టి బలం తెచ్చారు. అయితే దీనికో హద్దుంది. గోడౌన్‌లో పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు అడుగు వరస కూలితే సీసాతో పాటు సరుకూ పోతుంది. అప్పుడు ఆదా కంటే నష్టమే ఎక్కువ.

ఇంతవరకు మా ఇంజనీర్ల లెక్క. రెండో లెక్క పాత సామాను కొట్టు కాటా దగ్గర ఉంది. ఖాళీ సీసాలు ఏరుకునే మనిషికి కిలోల లెక్కనే డబ్బులిస్తారు. 20 గ్రాముల సీసాలైతే 50 ఏరితే కిలో అవుతుంది. 10 గ్రాములవైతే 100 ఏరాలి. అదే కిలో కోసం రెండింతలు వంగాలి. మేము సీసాలో తగ్గించిన బరువు ఆ మనిషి నడుము మీద పడుతోంది. గిట్టుబాటు కాకపోతే ఏరడం మానేస్తారు. సీసా మురుక్కాలువలో చేరుతుంది. చిప్స్ ప్యాకెట్ల గతి ఇప్పటికే అంతే. బరువూ ఉండదు, అతికించిన పొరలను విడదీయడమూ కష్టమే.

వాడేసిన ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులు, బ్రాండ్ల యజమానుల మీద పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడా లెక్క బరువు మీదే. ప్యాకింగ్ తేలికైతే కంపెనీ మీద ఆ భారం కూడా తగ్గుతుంది. కాలువలో తేలే సీసాల సంఖ్య మాత్రం తగ్గదు.

మనలో పాలు, పచ్చళ్ళు, మిఠాయిల వ్యాపారాల్లో స్థిరపడినవాళ్ళు ఉన్నారు. మీకు రెండు మాటలు మనవి చేస్తాను. ప్యాకింగ్ తప్పకుండా తేలిక చేయండి. కానీ సరుకు చెడనంతవరకు ఒకే రకం ప్లాస్టిక్ వాడండి. అలా మిగిలిన డబ్బులో కొంత, ఖాళీవి తిరిగి తెచ్చేవాళ్ళకు కిలోకు ఇంతని అదనంగా చెల్లించండి. అది ధర్మం కింద ఇచ్చేది కాదు, వాళ్ళు పడే అదనపు కష్టానికి కూలి.

తేలికైన సీసా మళ్ళీ కాటాకెక్కినప్పుడే భూమికి మేలు. అంతవరకు మిగిలేది మన ఖర్చు మాత్రమే.